అన్నము మానుట

తెలుగువాడు తోడివానిని కుశల మడుగునపుడు తఱచుగా "అన్నము తింటివా?" అని యడుగును. ఆ ప్రశ్నలో వరిమెతుకులను గుఱించిన విచారణ లేదు, "నీకీపూట గడచినదా?" యను నాదరము కలదు. మన భాషలో అన్నమనగా నొక పదార్థము మాత్రమే కాదు. భోజనమంతయు అన్నమే, జీవనోపాధియు అన్నమే. పని పోయినవాని నోటి యన్నము పోయినదందుము. ఆదుకొన్నవానిని అన్నదాత యందుము. అట్టి దేశమున నేడు చదువుకొన్నవారి యిండ్లలో పంక్తిని కూర్చుండినచో "మేము అన్నము మానితిమి" అను మాట తఱచుగా వినవచ్చుచున్నది. చెప్పువారి కంఠమున నొకింత గర్వమును, వినుచు అన్నము కలుపుకొనువారి ముఖమున నొకింత సిగ్గును మేము పలుమాఱు చూచితిమి. ఒకరు తమ భోజనమును మార్చుకొన్నందులకు వేఱొకరు సిగ్గుపడవలసిన పని యేమి? ఈ ప్రశ్నయే మమ్మీ వ్యాసమునకు పురికొల్పినది.

దేహభారమును తగ్గించుకొనుటకై పిండిపదార్థములను, అనగా వరి, గోధుమ, చక్కెర, దుంపలు మొదలగువానిని మిక్కిలిగా తగ్గించి, మాంసకృత్తులతోను క్రొవ్వుతోను కడుపు నింపుకొనుట యీ నియమము. ఇది దేహమునకు మేలా కీడా యను సంగతిని ముందుగా సంక్షేపించి చెప్పి, పిమ్మట ధర్మవిచారమునకు వత్తుము. పథ్యము ఒక్కని దేహమునకు సంబంధించినదే యైనను దానిని నడపునది యిల్లు. ఇల్లున్నచోట ధర్మవిచారము తప్పదు.

ఈ నియమము నిన్న మొన్న పుట్టినది కాదు. లండను నగరమున అంత్యక్రియల యేర్పాటులు చేయు వృత్తిలో నుండిన విలియం బాంటింగ్ అను నతడు అఱువదియాఱేండ్ల ప్రాయమున 202 పౌనుల బరువుతో, తన పాదరక్షల ముడి తాను వేసికొనలేక, మోకాళ్లపై భారము పడకుండుటకై మెట్లు వెనుకకు తిరిగి దిగుచు అవస్థపడుచుండెను. హార్వీ యను వైద్యుడు రొట్టె, వెన్న, పాలు, చక్కెర, బీరు, ఉర్లగడ్డలు విడువుమని యాతనికి చెప్పెను. సుమా రొక సంవత్సరములో నలుబదియాఱు పౌనులు తగ్గెను. సంతోషము పట్టలేక బాంటింగు 1863వ సంవత్సరమున తన యనుభవమును చిన్నపుస్తకముగా అచ్చువేయించి ఉచితముగా పంచిపెట్టెను. ఆతని పేరు ఆంగ్లభాషలో క్రియాపదమయ్యెను. స్వీడను దేశీయులు నేటికిని బరువు తగ్గుటకై పథ్యముండుటను ఆతని పేరునుండి వచ్చిన మాటతోనే చెప్పుదురు. 1972లో అమెరికా వైద్యుడైన రాబర్ట్ అట్కిన్స్ వ్రాసిన గ్రంథము ఈ మార్గమును మఱల లోకమున వ్యాపింపజేసెను. 2017, 2018 సంవత్సరముల ప్రాంతమున కొబ్బరినూనెయు వెన్నయు ప్రధానముగా గల యిట్టి నియమము మన తెలుగు జిల్లాలలో విరివిగా వ్యాపించిన సంగతిని చదువరులెఱుగుదురు.

ఈ నియమము పనిచేయు విధము సులభముగనే తెలియును. అన్నము జీర్ణమై గ్లూకోజుగా మారి రక్తమున చేరును. దానిని దేహకణములకు చేర్చునది ఇన్సులిన్. తక్షణము వ్యయము కానిదానిలో కొంత గ్లైకోజెన్ రూపమున కాలేయమందును కండరములందును నిలువయుండును, మిగిలినది క్రొవ్వగును. పిండిపదార్థ మందకున్నచో దేహము ముందుగా గ్లైకోజెన్‌ను, పిమ్మట క్రొవ్వును వాడుకొనును. గ్లైకోజెన్‌తోపాటు దానికి సుమారు మూడింతల నీరు కూడ నిలువయుండుటచే, మొదటి వారమున త్రాసు చూపు ఘనవిజయములో పెద్దపాలు క్రొవ్వుది కాదు, నీటిది. ఆ వారముననే మనవారు మిత్రులకు ఉపదేశములు ప్రారంభింతురు!

పరిశోధకు లేమనుచున్నారు? 2018లో ప్రకటింపబడిన స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయపు పరిశోధనలో 609 మందిని రెండు తెగలుగా చేసి, ఒక తెగవారిచే క్రొవ్వును, రెండవ తెగవారిచే పిండిపదార్థములను సంవత్సరముపాటు తగ్గింపజేసిరి. మొదటి తెగవారు సగటున 5.3 కిలోలును, రెండవవారు 6 కిలోలును తగ్గిరి; ఆ భేదము లెక్కకు రానిదని తేలెను. విశేషమేమన, ఒక్కొక్క తెగలోను కొందఱు ఇరువది కిలోలకు మించి తగ్గగా, కొందఱు ఆ నియమముననే యుండి పెరిగిరి. దానికి ముందు 2008లో ఇశ్రాయేలునందలి రెండేండ్ల పరిశోధన ప్రకటింపబడెను. అందు పాల్గొన్న 322 మందిలో క్రొవ్వు తగ్గించినవారు సగటున 2.9 కిలోలును, పిండిపదార్థములు తగ్గించినవారు 4.7 కిలోలును తగ్గిరి. ఈ రెండవ పరిశోధనను గుఱించి యొక చిన్నసంగతి చదువరులు జ్ఞాపకముంచుకొనవలయును. అందు పాల్గొన్నవారిలో నూటికి 86 మంది పురుషులు. వారి ముఖ్యభోజనము వారు పనిచేయుచోటనున్న భోజనశాలయందే, ఏ పదార్థ మెవరికి తగునో గుర్తులు పెట్టి సిద్ధపఱుపబడెను. ఆ భోజనశాల యెందుకు ముఖ్యమో ముందు తెలియగలదు.

కావున అన్నము విషమును కాదు, అన్నము మానుట అమృతమును కాదు. తినుటలో మితము పాటించు పెక్కు మార్గములలో నిది యొకటి. అయితే మనకు తగ్గింపు అవసరము లేదా? ఉన్నది. భారతీయులు తిను ఆహారపుశక్తిలో నూటికి సుమారు 62 పాళ్లు పిండిపదార్థములనుండియే వచ్చుచున్నదని దేశవ్యాప్తమైన యొక పరిశోధన 2025లో తేల్చినది. 1918లో కూనూరున ఆరంభమై 1958లో హైదరాబాదునకు వచ్చిన జాతీయ పోషకాహార సంస్థ, ధాన్యములనుండి వచ్చు శక్తి నూటికి 45 పాళ్లకు మించరాదని 2024లో సూచించినది. వరి మాని జొన్నకును రాగికిని మరలినంతమాత్రమున సమస్య తీరదు. వానిలోను మూడింట రెండువంతులు పిండిపదార్థమే. కుప్పగా పోసిన యన్నము, దానిమీద నాలుగు చుక్కల పులుసు, అంచున నింత పచ్చడి: ఇది మన చాలమంది కంచము. ఇందు మార్పు రావలసినదే. మధుమేహమునకు మందులు పుచ్చుకొనువారు, గర్భిణులు, మూత్రపిండముల వ్యాధి గలవారు మాత్రము వైద్యునితో చెప్పక యిట్టి నియమమున దిగరాదు. ఇన్సులిన్ మొదలగు మందులు యథాప్రకారము వాడుచు అన్నము మాత్రము మానినచో రక్తమునందలి చక్కెర ప్రాణాపాయకరముగా పడిపోవచ్చును.

వైద్యవిచార మింతటితో ముగిసినది. ఇక మా ప్రశ్న: భోజనమున నిగ్రహము పుణ్యమా? నిగ్రహము సుగుణమని మన పెద్దలందఱును చెప్పిరి. మేము కాదనము. కాని యేదైన నొక నిగ్రహమును మెచ్చుకొనుటకు ముందు, దానికి వెల చెల్లించునది యెవరని యడుగవలయునని మా యభిప్రాయము.

మన తాతల కాలమునందలి మడిని జ్ఞాపకము చేసికొందము. ఇంటి యజమాని మడికట్టుకొని భోజనమునకు కూర్చుండెడివాడు. ఆతని యాచారనిష్ఠను ఊరెల్ల కొనియాడెడిది. కాని తెల్లవాఱుజామున నూతికడ తలమీద చన్నీళ్లు పోసికొని, తడిబట్టతో వణకుచు మడినీళ్లు తోడి, పొయ్యి యూది, అందఱును తినువఱకు మంచినీరైనను ముట్టక నిలిచినది ఆయన భార్యయో, వితంతువైన యప్పగారో. నిష్ఠ యొకరిది, వణకు వేఱొకరిది. ఆ మడివలన కొందఱు అంటరానివారైరి. కొన్ని పాత్రలు వేఱయ్యెను. కొన్ని పంక్తులు చీలెను. సంస్కర్తలు దానిని ఖండించిరి, మనమును సంతోషించితిమి. ఇప్పుడు చూడుడు: వేఱు పాత్ర, వేఱు నూనె, వేఱు పొయ్యి, ముట్టరాని పదార్థముల పట్టిక, నియమము పాటింపనివారిపై చులకన. పేరు మాఱినది, శాస్త్రపు బట్ట కట్టినది; మడి మాత్రము మరలివచ్చినది.

ఈ మాట ఇతరులను నిందించుటకై చెప్పుట లేదు. మాయింట జరిగినదానిని దాచక చెప్పెదము. నాలుగేండ్ల క్రిందట వైద్యుడు మా బరువును, రక్తమునందలి చక్కెరను చూచి హెచ్చరింపగా మేమన్నము మానితిమి. ఉదయము గ్రుడ్లు, మధ్యాహ్నము వెన్నలో వేచిన పనీరు, అన్నమునకు బదులు సన్నగా తురిమి వేచిన కాలిఫ్లవరు, సాయంకాలము బాదముపప్పు. మొదటి నెలలో నాలుగు కిలోలు తగ్గితిమి. మిత్రులు మెచ్చిరి. మేమును వారికి నిగ్రహమును గుఱించి ధారాళముగా నుపన్యసించితిమి. పిల్లలకు అన్నము, పప్పు, కూర కావలయును. మా తల్లిగారికి మెత్తగా కలిపిన చారన్నము కావలయును. మాకు మా వంటకములు కావలయును. ఒక వంటయింట మూడు వంటలు జరుగుచుండెను. ఇవి యెట్లు జరుగుచున్నవని మే మొక్కనాడును విచారింపలేదు.

ఒకదినము పని త్వరగా ముగియుటచే మధ్యాహ్నము మూడుగంటల వేళ ఇల్లు చేరితిమి. మా సహధర్మచారిణి వంటయింట నిలువబడియే తినుచుండెను. కంచములో పిల్లలు విడిచిన యన్నము, మా తల్లిగారికి కలుపగా మిగిలిన చారుమెతుకులు, ఒక మాగాయముక్క. ఇంత ప్రొద్దుపోయి తినుచున్నావేమని యడిగితిమి. "మూడు వంటలు ముగిసి గిన్నెలు కడుగుసరికి ఈవేళ యగుచున్నది" అనెను. పనీరు మిగులలేదా యని యడిగితిమి. "అది మీకని తెచ్చినది, వెల యెక్కువ. అన్నము పారవేయలేముగదా" అని, మేమేదో వింతమాట యడిగినట్లు చూచెను. పడమటింట పడుకొనియున్న మా తల్లిగారు లేవకయే పలికిరి: "నాయనా, వ్రతము నీది, ఉపవాసము కోడలిది."

ఆ వారముననే ఆమెను వైద్యునియొద్దకు తోడుకొనిపోతిమి. మోకాళ్ల నొప్పియని ఆమె రెండేండ్లుగా చెప్పుచునేయుండెను, మేము వినుచునేయుంటిమి. పరీక్షింపగా ఆమె రక్తమునందలి చక్కెర మాకంటె హెచ్చుగా నుండెను. ఏ యింట ఒకరి దేహమును రక్షించుటకై యింత యేర్పాటు జరిగినదో, ఆ యింటనే ఆ యేర్పాటు నడపు దేహమును చూచినవా రెవరును లేరైరి. మేము వదలుకొన్నట్టి యన్నమే, పారవేయరాదను కారణమున, ఆమె కంచమున చేరుచుండెను. పైని చెప్పిన పరిశోధనయందు జీతమిచ్చి నడపిన భోజనశాల కలదు. మా యింటి భోజనశాలకు జీతమును లేదు, సెలవును లేదు, లెక్కయు లేదు.

దీనికి కొంద ఱొక సమాధానము చెప్పుదురు. "ఇల్లాలు ప్రేమతో చేయుచున్నది, మీరు దానిని కూలిగా నెంచుట తప్పు" అందురు. ప్రేమ ఉన్నమాట నిజమే. కాని యిచ్చిన ప్రేమ వేఱు, వసూలుచేసిన ప్రేమ వేఱు. వెనుకటి దురాచారములలో స్త్రీలు ఇష్టపూర్వకముగనే చేయుచున్నారని చెప్పబడని దేది? వలదని చెప్పు స్వాతంత్ర్యము లేనిచోట ఇష్టమున్నదని తెలిసికొనుట యెట్లు? వేఱుగా వండుటకు విసుగుచున్నదని ఇల్లాలు చెప్పినచో "నా ఆరోగ్యము నీకక్కఱలేదా?" యను మాట సిద్ధముగా నున్నది. ఆ మాట యెదుట ఏ యిల్లాలు నిలువగలదు?

ఇంటి వెలుపల కూడ ఈ నిగ్రహమునకు వెల చెల్లించువారు కలరు. బాంటింగు కాలమున లండనులోని పేదలకు రొట్టెయే ముఖ్యాహారము. దానిని మాని మాంసముతో కడుపు నింపుకొనగలవాడు కలిగినవాడే. మనదేశమున మెట్టసీమలలోని బీదవారికి వరియన్నము చిరకాలము పండుగనాటి భోజనముగనే యుండెను. 1983లో ఆంధ్రప్రదేశమున కిలో రెండురూపాయల బియ్యపు పథకము ప్రారంభమైనపుడు ఆ యన్నము వారికి దినదినభోజనమయ్యెను. ఆ బియ్యముతో వారికి ఆకలి తీఱుటయేగాక కొంత గౌరవమును కలిగెను. వారి నోటికి అన్నము వచ్చిన యొక తరములోనే మనము దానిని విషమని పిలుచుట మొదలిడితిమి. చౌకధరల దుకాణమునొద్ద సంచి పట్టుకొని నిలుచున్న పనిమనిషి మన యింటికి వచ్చి, మనము విషమన్నదానితో తన బిడ్డల కడుపు నింపుచున్నందులకు లోలోపల కుంగవలసినదా? ఆమెకు కావలసినది అన్నముపై నసహ్యము కాదు. ఆ యన్నము ప్రక్కన పప్పు, కూర, గ్రుడ్డు. అవి చౌకగా దొరకు నుపాయమును గుఱించి మాటలాడువారు మన నియమపరులలో నెందఱున్నారు?

స్థూలకాయుల సంగతి మఱియొకటి. సన్నబడుట సుగుణమైనచో లావగుట దుర్గుణమని యెవరును చెప్పకయే స్థిరపడును. దేహభారము వంశమును, నిద్రను, మందులను, వయస్సును, ప్రసవములను బట్టి కూడ మాఱునని వైద్యులు చెప్పుచునేయున్నారు. ఒకే నియమమున నుండి కొందఱు తగ్గుటయు కొందఱు పెరుగుటయు పైని చూచితిమి. అయినను పెండ్లిచూపులలో పిల్లను తలనుండి పాదములవఱకు త్రాసుతో తూచినట్లు చూచుట మానితిమా? పదునాఱేండ్ల బాలిక పంక్తినుండి సగము తిని లేచిపోవుచున్నచో, నిగ్రహము గలదని మెచ్చుకొను తల్లులను మేమెఱుగుదుము. ఎదుగు దేహమునకు వలసినది తిండి. ఆ బిడ్డ చెల్లించుచున్నది మన గర్వమునకు వెల.

"అయినచో రోగి పథ్యము మానవలయునా?" యని యడుగుదురేమో. మానవలదు. పథ్యమును మందువలె పుచ్చుకొనవలయునని మా మనవి. మందు పుచ్చుకొనువాడు సభలో మీసము దువ్వడు. పుచ్చుకొననివానిని చూచి నవ్వడు. తన మాత్రను ఇంకొకరు నూఱి పోయవలయునని పట్టుపట్టడు. వైద్యుడు నిజముగా వేఱు భోజనము విధించినచో, చేతులు బాగుగా నున్నవాడు దానిని తానే వండుకొని, ఆ గిన్నెను తానే తోముకొనవలయును. ఆ శ్రమయును నిగ్రహములో భాగమే. నిజమునకు కష్టమైన భాగ మదియే. అన్నము మానుటకంటె ఆసనమునుండి లేచి పొయ్యివద్దకు పోవుట మన పురుషులకు కష్టతరమని మా యనుభవము.

అంతకంటె మేలైన మార్గము ఒక్కని కంచమును వేఱుచేయక ఇంటి కుండనే మార్చుట. మాయింట ఇప్పుడు వంట యొక్కటే. అందఱి కంచములలోను సగము కూరలు, ఆకుకూరలు. పావు పప్పో గ్రుడ్డో చేపయో. మిగిలిన పావు అన్నమో జొన్నరొట్టెయో. చివర మజ్జిగ. మా తల్లిగారి ముద్ద మాత్రము మెత్తగా కలుపబడును. ఆమె యెనుబదియేండ్ల వయస్సున శాస్త్రములకు లోబడనని ముందే చెప్పిరి. ఉదయపు వంట మాది. మొదట మాడ్చితిమి, పిల్లలు నవ్విరి, పిమ్మట నేర్చితిమి. సత్యమును దాచనేల? వెనుకటి నాలుగు కిలోలలో రెండు మరల మాపైకెక్కినవి. కాని యిల్లాలి రక్తమునందలి చక్కెర తగ్గినది. ఆమె మధ్యాహ్నము ఒంటిగంటకు మాతోపాటు కూర్చుండి తినుచున్నది. ఈ రెంటిని కలిపి తూచు త్రాసు మాయొద్ద లేదు. ఉన్నచో మేము నష్టపడలేదనియే చూపును.

దేహమును కాపాడుకొనుట ధర్మమే. కాని యింటిలోని దేహము లన్నియు దేహములే. తన కడుపును తగ్గించుకొనుటకై ఇంకొకరి నడుము విఱుచువాని నిగ్రహము భోగమునకు మాఱుపేరు మాత్రమే. దానికి వ్రతమని పేరు పెట్టుకొనుట తనను తాను వంచించుకొనుట. ఏ నియమమునైనను చేపట్టుటకు ముందు, దీని బరు వెవరి తలమీద పడుచున్నదని యడిగి, దానిని తన తలకెత్తుకొనుటకు సిద్ధపడినవాడు అన్నము తినినను మానినను నిగ్రహవంతుడే.

మన పెద్దలు నేర్పిన కుశలప్రశ్న మంచిది, దానిని విడువవలదు. అయితే ఇంతకాలము దానిని వీధిలో ఎదురుపడినవారిని మాత్రమే యడుగుచుంటిమి. ఈ పూట భోజనము ముగించి లేచునపుడు, చదువరులు తమ వంటయింటివైపు తిరిగి, అక్కడ నిలుచున్నవారిని ఒక్కసారి యడుగుదురు గాక: "నీవు తింటివా?"